ఆకలి మందు సీసా

"దవాఖాన సీసాలో గ్యాసునూనె పోస్తారా ఎవరన్నా? నీకు తెలివుందా అత్తా?"

"తెలివున్నందుకే పోసిన. కంట్రోలు దుకాణంల నూనె ఇస్తున్నరంటే వాడంత ఉరికింది. నేను దేంట్ల తేవాలె? కొంగుల మూటగట్టుకోని రావాల్నా?"

"మట్టి బుడ్డి ఉందిగా!"

"అండ్ల సగమే పట్టింది. మిగిలింది ఆనికే ఇడిసిపెట్టి రావాల్నా? ఇడిసిపెట్టి వస్తే నన్ను ఇంట్లకు రానిస్తువా నువ్వు? ఒక్క సుక్క కింద పడితే వాడ వాడంత ఇనపడేటట్టు ఒర్రుతవ్. నీకు భయపడే గదనే సీసల పోయించుకున్న!"

ఇడిసిపెట్టి వస్తే నిజంగానే రానిచ్చేదాన్ని కాదు. అందుకని కోడళ్ళు చేసే పనే చేశాను. గిన్నెలు నాలుగు ఇటువి అటు పెట్టి గట్టిగా చప్పుడు చేశాను. మా అత్త కూడా అత్తలు చేసే పనే చేసింది. ముక్కుపొడి డబ్బీ తీసి, చిటికెడు పీల్చి, గోడవైపు తిరిగి తుమ్మింది.

ఇప్పుడు మా మనవలు నీళ్ళు తాగి సీసాలు ఎక్కడివక్కడ పారేస్తారు. నేను వెనకాల తిరిగి ఏరుకొచ్చి కడిగి బోర్లిస్తాను. "నానమ్మకు సీసాల పిచ్చి" అని నవ్వుతారు. నవ్వనీ. సీసా లేకపోతే ఏమవుతుందో వాళ్ళకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. నేను చదివింది మిషన్ బడిలో మూడో తరగతి వరకే. అయినా ఈ సంగతి రాయడానికి ఆ చదువు చాలు.

సాగర్ కాలువకు నీళ్ళు వదిలిన కొత్తలో మిర్యాలగూడలో ఒకదాని పక్కన ఒకటి రైసు మిల్లులు లేచాయి. నా పుట్టిల్లు కోదాడ దగ్గర అనంతగిరి. పెళ్ళయ్యాక మిర్యాలగూడ వచ్చాను. నా మాటలో కోదాడ యాస విని మా అత్త మొదట్లో "ఆంధ్రోళ్ళ పోరిని తెచ్చుకున్నం" అని వాడంతా చెప్పుకుంది. నా భర్త మిల్లులో హమాలీ. మేముండేది మిల్లుల వెనక, ఊరికి దూరంగా, క్రైస్తవుల వాడ. మిల్లు గొట్టంలోంచి వచ్చే ఊక దుమ్మంతా మా ఇళ్ళ మీదే పడేది. షావుకార్ల మేడలు గాలి వచ్చే పక్కన ఉండేవి. గాలి ఎటు వీస్తుందో చూసుకునే కట్టుకున్నారు. మా వాడలో ఉతికిన చీర ఆరేలోపే మళ్ళీ ఉతకాల్సినట్టు అయ్యేది. పిల్లలు దగ్గుతూనే పుట్టేవాళ్ళు.

ఆ రోజుల్లో దవాఖానలో మందు ఊరికే ఇచ్చేవాళ్ళు, సీసా మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. కాంపౌండరు పెద్ద జాడీలోంచి మందు వంచి మన సీసాలో పోస్తాడు. అంచుకు గాట్లు కత్తిరించిన కాగితం ముక్క దాని పక్కన అంటించి, పొద్దున ఒక గాటు, రాత్రికి ఒక గాటు తాగమంటాడు. సీసా లేకపోతే మందు లేదు. చెంబు తీసుకుపోతే పోయడు. "చెంబుకు కాగితం ఏడ అంటియ్యాలె, ముక్కుకా?" అంటాడు. సీసా లేనివాళ్ళకు పొడి పొట్లం కట్టిస్తాడు. ఆ పొడి చేదు చిన్నపిల్లల కడుపులో నిలవదు.

ఊళ్ళోవాళ్ళకు ఇది కష్టం కాదు. వాళ్ళ ఇళ్ళల్లో సీసాలు వాటంతటవే పుడుతుంటాయి. తలనూనె సీసా, పన్నీరు సీసా, అజీర్తి మందు సీసా. ఏమీ కొననివాళ్ళ ఇంట్లో సీసా ఎక్కడ పుడుతుంది? మా వాడ మొత్తానికి మంచి గాజు సీసా ఒకటే. నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు మా అమ్మ ఆముదం పోసి ఇచ్చిన సీసా అది. ఆముదం అయిపోయాక బూడిదతో తోమి దవాఖానకు పెట్టాను. ఎవరికి జబ్బు చేసినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇచ్చేదాన్ని, కాని ఊరికే కాదు. మందు తాగడం అయిపోగానే తోమి, ఎండబెట్టి, పొద్దుగూకేలోపు తెచ్చివ్వాలి. పగలగొడితే మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కను. మా వాడలో పాస్టరుగారి మాట కంటే నా సీసా షరతులే గట్టిగా నడిచేవి.

అట్లాంటి సీసాలో మా అత్త దీపాల్లో పోసే గ్యాసునూనె పోసింది.

అది నాకు తెలిసింది దవాఖానలోనే. మా చిన్నపిల్లకు మూడేళ్ళు. కొద్ది రోజులుగా దగ్గు, దానికి తోడు జ్వరం. బువ్వ ముట్టడం మానేసింది. ఆ పొద్దున పిల్లను చంకన వేసుకుని పోయి, వరసలో నిలబడి, నా వంతు రాగానే గర్వంగా సీసా ముందుకు పెట్టాను. కాంపౌండరు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, తల వెనక్కి తీసుకున్నాడు.

"ఇది మందుకు తెచ్చినవా, కందీలుకా?"

వరసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"అయ్యా, పిల్లకు మూడు దినాల నుంచి..."

"నాకెందుకు తెలవదు? డాక్టరుసాబు సూసిండు గదా. మందు పడకుంటే డొక్కలెగరేస్తది అన్నడు. మంచి సీస పట్టుకోని రేపు పొద్దుగాల రా. రేపు తప్పిందంటే మల్ల సోమారమే."

డొక్కలెగరేయడం అంటే ఏమిటో మా వాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఊపిరి అందక పక్కటెముకలు లోపలికి బయటికి ఆడుతుంటాయి. ఆ స్థితికి వచ్చిన పిల్లల్లో కొందరు బతికారు, కొందరు బతకలేదు. ఎవరెవరో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

కాబట్టి మధ్యాహ్నానికల్లా నాకు కావాల్సింది ఒక్కటే, గ్యాసునూనె వాసన లేని సీసా. ముందు ఉన్నదాన్నే దారికి తెద్దామని చూశాను. బూడిదతో తోమాను. కుంకుడు రసం పోసి కుదిపాను. సున్నపు తేట పోసి చూశాను. వేడి ఊకబూడిదలో పాతిపెట్టి తీశాను. మా అత్త తప్పు దిద్దుకుందామని సీసా తీసుకుని గట్టిగా వాసన చూసింది.

"ఏం వాసన లేదు. మంచిగున్నది."

ఆ ముక్కుకు ముక్కుపొడి తప్ప లోకంలో ఇంకే వాసనా తెలియదు. సీసాను పిల్ల ముఖం దగ్గర పెట్టాను. జ్వరంలో కళ్ళు మూసుకుని పడుకున్న పిల్ల అట్లాగే ముఖం అటు తిప్పుకుంది. ఇక పరీక్ష అక్కర్లేదనుకున్నాను.

సూర్యాపేటలో దవాఖాన దగ్గర ఖాళీ సీసాలు అమ్మే ముసలాయన ఒకడు కూర్చునేవాడు. మా ఆడబిడ్డ ఆ సంగతి చెప్పినప్పుడు, లోపల ఏమీ లేని వస్తువును ఎవరు కొంటారని నేను చాలాసేపు నవ్వాను. ఆ మధ్యాహ్నం మాత్రం సూర్యాపేట ఇంత దూరంలో ఎందుకుందా అనిపించింది. పిల్లను అత్తకు అప్పగించి, "దీన్నన్నా చూసుకో, దీంట్లో ఏమీ పోయకు" అని చెప్పి పనికి పోయాను.

నా పని మిల్లు షావుకారి ఇంటి వెనక వాకిట్లో. బియ్యం చెరగడం, నూకలు జల్లించడం, వాకిలి ఊడవడం. అరుగు వరకే మాకు హక్కు. అరుగు మీద ఉయ్యాలబల్ల, దాని మీద షావుకారమ్మ. నాకంటే కొంచెం పెద్దది, మనిషి మంచిదే, కాని పొద్దస్తమానం ఆ ఉయ్యాల మీదే ఉండేది. ఆమెకు ఆకలి కాదు. అది ఆ ఇంట్లో పెద్ద జబ్బు. అన్నం ముందు కూర్చుంటే నాలుగు మెతుకులు కెలికి లేస్తుందని షావుకారి పరేషాను. ఆమె తలగడ కింద ఒక డబ్బా ఉండేది. అందులో సకినాలు. మధ్యాహ్నమంతా నమిలి, పొద్దుగూకాక అన్నం సయించదంటే ఎట్లా సయిస్తుంది? ఆ సకినాల పొడి రోజూ ఊడ్చేది నేనే. కాని నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. డాక్టరు ఉన్నాడు కదా చెప్పడానికి.

ఆ డాక్టరు మా దవాఖాన డాక్టరే. షావుకారి ఇంటికి ఫటఫటి బండి మీద వచ్చేవాడు. ఆమె కూర్చున్నచోటికే వచ్చి, నాడి చూసి, గొట్టం రొమ్ము మీద ఒకసారి, వీపు మీద ఒకసారి పెట్టి, ఊపిరి పీల్చమని, వదలమని, టీ తాగి, రాత్రి నిద్ర పడుతున్నదా అని అడిగి పోయేవాడు. దవాఖానలో మమ్మల్ని బల్లకు అవతలి నుంచి "నాలుక సాపు" అనేవాడు. చాపగానే "ఇగ పో" అనేవాడు. మా వాడలో గొట్టం పెట్టించుకున్న మనిషి ఎవరూ లేరు. మా అత్తకు ఆ గొట్టం చల్లగా ఉంటుందా వెచ్చగా ఉంటుందా అని చాలా ఏళ్ళు అనుమానం. పోయి రాగానే నన్ను అడిగేది, "ఇయ్యాలన్న పెట్టిండా?" అని.

ఆ డాక్టరే ఆమెకు మందు రాశాడు. హైదరాబాదు నుంచి తెప్పించారు. మందు సంగతి నాకు తెలియదు, ఆ సీసా సంగతి మాత్రం చెప్పాలి. ఎత్తైనది, భుజాలున్నది, తేనె రంగు గాజు. దానికి మర మూత. బిరడా కాదు, గుడ్డపీలిక కాదు, తిప్పితే బిగిసే మూత. నెల రోజులుగా దాన్ని చూస్తున్నాను. పిల్లనిచ్చేవాళ్ళు పెళ్ళికొడుకుని కూడా అంత పరీక్షగా చూడరు.

ఆ రోజు చాట పక్కన పెట్టి నేరుగా అడిగేశాను.

"అమ్మా, ఆ మందు ఎప్పుడు అయిపోతుందమ్మా?"

"ఎందుకే? నువ్వు తాగుతవా?"

"మందు వద్దమ్మా, సీస కావాలి."

"ఇది నేను సచ్చేదాంక అయిపోదు. పూటకు ఒక్క చెంచ. నోట్ల పెట్టుకుంటే పేగులు నోట్లకొస్తున్నయి."

"దేనికమ్మా ఆ మందు?"

"ఆకలికి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. అట్లాంటి మందు ఉందని తెలిస్తే మా వాడంతా హైదరాబాదుకు నడిచిపోతుంది. "నిజంగా? తాగితే ఆకలి పోతుందా అమ్మా?"

షావుకారమ్మ ఉయ్యాల ఆపి నా వైపు చూసింది. "పోవుడేందే? పుడ్తది. ఆకలి పుట్టాలెనని తాగుతున్న."

నేను చాట మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఆకలి పుట్టడానికి మందు చేసేవాళ్ళు ఉంటారని అంతవరకూ నాకు తెలియదు. పని లేనివాడు పని వెతుక్కున్నట్టు అనిపించింది. కాసేపు నూకలు జల్లించి, చివరికి పిల్ల సంగతి చెప్పాను. కాంపౌండరు కందీలు మాట కూడా చెప్పాను. ఆమె నవ్వి, తర్వాత నవ్వు మానేసి, లోపలికి కేకేసింది.

"అత్తమ్మా! ఈ పిల్లకు సీస గావాల్నంట. ఒకటి ఇయ్యరాదు?"

లోపలి నుంచి పెద్ద షావుకారమ్మ గొంతు వచ్చింది. ఆ ముసలామెను నేను చాలా గౌరవించేదాన్ని. నా అంత పొదుపు మనిషిని ఆ ఊళ్ళో ఆమెనే చూశాను.

"సీసలు సెట్లకు కాస్తున్నయా? ఉన్నయన్నిట్ల నెయ్యి పోసిన, తేనె పోసిన. ఆ మందు అయిపోయినంక ఆ సీసల గుడ ఆముదం పోస్త. అడిగినోళ్ళకల్ల ఇచ్చుకుంట పోతే ఇల్లు నడుస్తదా?"

న్యాయమైన మాటే. నేనైనా అదే అనేదాన్ని. తల వంచుకుని జల్లెడ ఆడించాను. ఉయ్యాల కిర్రుమంటున్నది. ఒకసారి తల ఎత్తితే, సీసా తలగడ పక్కన లేదు. బల్ల అంచుకు వచ్చింది. షావుకారమ్మ ఆకాశం వైపు చూస్తున్నది. ఇంకోసారి ఎత్తితే ఆమె కాలి బొటనవేలు సీసా వెనక ఉంది. ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకు మాటలు అక్కర్లేదు. నేను జల్లెడ నేలమీద పెట్టి, అరుగు దగ్గరికి జరిగి, రెండు చేతులూ ఒళ్ళో సిద్ధంగా పెట్టుకున్నాను.

ఉయ్యాల ముందుకు వచ్చింది. వేలు కదిలింది. సీసా బల్ల దిగి, అరుగు మీద దొర్లి, అంచు దాటింది. నేలకు జానెడు ఎత్తులో రెండు చేతులా పట్టుకున్నాను.

"అయ్యో అత్తమ్మా! ముట్టుకుంది!" అని షావుకారమ్మ పెట్టిన కేక పక్క మిల్లులో కూడా వినపడి ఉంటుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా చేయి తగిలిన గిన్నె గాని, గుడ్డ గాని, తినే వస్తువు గాని మళ్ళీ ఆ ఇంట్లోకి పోదు. మేం చెరిగిన బియ్యం మాత్రం పోతుంది, మరి అది ఎట్లాగో నాకు ఎవరూ చెప్పలేదు. పెద్ద షావుకారమ్మ కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చి, అరుగు మీదే ఆగి, నా చేతిలో సీసాను చూసి గుండె మీద చేయి వేసుకుంది.

"సగం కూడ తాగలే గదనే ఇంకా! ఎందుకు ముట్టుకున్నవే నువ్వు?"

"పట్టుకోకపోతే పగిలేదమ్మా."

"పగిలితే పగిలేది! పెంకులన్న మా ఇంట్ల ఉండేటియి."

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలామె ఊరుకోలేదు. పొదుపు మనిషికి ఆచారం ఒక పక్క లాగుతుంటే మందు ఇంకో పక్క లాగుతుంది. ఆ అవస్థ చూస్తే నాకే జాలేసింది.

"పసుపునీళ్ళు సల్లి తీసుకుందమా?"

"సీస మీద సల్లొచ్చు అత్తమ్మా. లోపలున్న మందు మీద ఎట్ల సల్లుతం?"

"మూత బిగ్గరనే ఉన్నది గదా. లోపలికి అంటు పోదు."

"ఏమో, నేను మూత సరిగ్గ తిప్పలే."

బాగా తిప్పింది. నా చేతిలోనే ఉంది కదా, ఒక్క చుక్క కారలేదు. ముసలామె సీసాను ఇంకోసారి చూసింది, కోడల్ని చూసింది, నన్ను చూసింది.

"తీస్కపో ఇగ, ఖతం. మందు మాత్రం గా మోరీల పారబోసి పో. ఎవలకన్న తాపేవు."

"అట్లాగేనమ్మా."

షావుకారమ్మ ఉయ్యాల మీద వెనక్కి వాలింది. మందు బాధ తప్పిందని ఆమె ముఖం వెలిగిపోతున్నది. షావుకారి రేపే ఇంకో సీసా తెప్పిస్తాడన్న సంగతి అప్పటికి ఆమెకు తట్టలేదు.

పని ముగించి, మురుగు పారే మోరీ దగ్గరికి పోయాను. మూత తీశాను. సీసా వంచబోయాను. చేయి వంగలేదు. అంత దూరం నుంచి రైలెక్కి వచ్చిన మందు, డాక్టరు గొట్టం పెట్టి చూసి రాసిన మందు, మోరీలో పోయడమా? మూత బిగించి ఇంటికి తెచ్చాను.

మా అత్త పిల్ల తల మీద తడిగుడ్డ వేసి కూర్చుంది. సీసాను చూడగానే లేచింది.

"వామ్మో, ఇదేంది, గింత మంచిగున్నది! మందు గుడ ఉన్నది గదనే! పారబొయ్యి, సీస కడుగు."

"పారబోయను."

"పారబొయ్యకుంటే ఎట్ల ఖాళీ అయితది? ఏం మందు అది?"

"ఆకలి పుట్టే మందు."

మా అత్త నా నుదుటి మీద చేయి పెట్టి చూసింది, నాకూ జ్వరమేమోనని.

వాడ మొత్తం మీద ఆకలి లేని మనిషి ఆ రోజు మా చిన్నపిల్ల ఒక్కతే. కాబట్టి ముందు దానికి ఒక చెంచా పోశాను. వెంటనే నా చీర మీదికి ఉమ్మేసింది. ఆ మందుతో ఆ జ్వరం లొంగేట్టు లేదు, దాని మందు వేరే ఉంది, దానికి ఈ సీసా ఖాళీ కావాలి. వాకిట్లోకి వచ్చి పిల్లల్ని పిలిచాను. పొద్దు ఇంకా గూకలేదు. నేను పిలవడమే చాలు, వాడ వాడంతా వచ్చి వరసలో నిలబడ్డారు. మందు తియ్యగా ఉందని మొదటి పిల్ల చెప్పగానే వరస గోడ దాటింది. ఒక్కొక్కరికి ఒక చెంచా, నోరు మూసి మింగి నాలుక చూపించాలి. డాక్టరు లాగానే "నాలుక సాపు, ఇగ పో" అన్నాను. రెండోసారి వచ్చినవాళ్ళ నాలుక మందు రంగు అంటి ఎర్రగా ఉంటుంది కనుక పట్టుకుని చెవి మెలేశాను.

నా భర్త మిల్లు నుంచి వచ్చాడు. కనుబొమల మీద, మీసాల మీద తవుడు. వరసను చూసి తనూ చివర నిలబడ్డాడు.

"ఏం మందు పోస్తున్నవ్?"

"ఆకలి పుట్టడానికి."

"ఎవలకు?"

"తాగినవాళ్ళకి."

ఆయన వరసలో ఉన్న పిల్లల్ని ఒకసారి చూశాడు, నన్ను చూశాడు. అక్కడే కింద కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. "బస్తలు మోసి మోసి ఒచ్చినోనికి గీ మందా? ఏందే, మన దగ్గర తక్కువున్నదా అది? షావుకారికి సెప్పు, కావాల్నంటే మన వాడ నుంచి బండి కట్టి తోలుదం!"

అడుగున మిగిలింది మా అత్త తాగింది. పెద్దదాన్ని కదా అని మూతలో మిగిలింది కూడా నాకింది. తాగాక ఆమెకు మంచి హుషారు వచ్చి ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ప్రార్థనలో మొదటిసారి షావుకారమ్మ పేరు వచ్చింది. "ప్రభువా, ఆ తల్లికి ఎప్పటికీ ఆకలి కాకుండ సూడు. సీసలు వస్తయి" అంది. నేను ఆమెన్ అనలేదు, కాని ఆపనూ లేదు. సీసాను కుంకుడుతో కడిగి, వేడినీళ్ళతో జాడించి, ముక్కు దగ్గర పెట్టి చూసుకుని, దడి కర్రకు బోర్లించాను. పక్కన పిల్ల ఊపిరి గురగురలాడుతుంటే డొక్కల మీద చేయి వేసి చూసుకుంటూ పడుకున్నాను.

తెల్లవారగానే పక్కింటామె వాకిట్లోకి వచ్చింది. వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు.

"ఏం మందు పోసినవ్ వదినా? పోరలు లేస్తనే బువ్వ బువ్వ అని మీద పడుతున్నరు!"

"నిన్న అడగలేదా?"

"నిన్న గుడ అడిగిన్రు."

"మొన్న?"

"రోజు అడుగుతరు. గని ఇయ్యాల మందు తాగి అడుగుతున్నరు! నువ్వే పెట్టాలె ఇగ."

"దవాఖానకు పోయొచ్చి మాట్లాడతా" అని పిల్లను చంకన వేసుకుని, సీసాను కొంగులో చుట్టుకుని బయలుదేరాను.

దవాఖానలో వరస అప్పటికే గేటు దాకా ఉంది. నేను చివర నిలబడ్డాను. ఎండకు సీసా మెరిసింది కాబోలు, కాంపౌండరు కిటికీలోంచి చూసి, గుర్తుపట్టి చేయి ఊపాడు.

"ఆ సీస ఇటు తే! మిల్లు షావుకారి ఇంట్లకెళ్లి వచ్చిందే గదా?"

"అక్కడిదే అయ్యా, సీస."

"మరి గాడ నిలబడ్డవేందే? జరగున్రి, జరగున్రి, షావుకారింటి మందు!"

అందరూ జరిగారు. కాంపౌండరు సీసా తీసుకుని, మూత తిప్పి చూసి, మెచ్చుకుని, "ఏందట ఇప్పుడు?" అన్నాడు.

"దగ్గు, జ్వరం."

జాడీ వంచాడు. మాకు ఎప్పుడూ సీసాకు సగం పోసేవాడు. ఆ రోజు మెడ దాకా పోశాడు. మూత బిగించాక కాగితం కత్తిరించబోతూ, "పెద్దలకా, పిల్లలకా?" అన్నాడు.

"మూడేళ్ళ పిల్లకి. దీనికే." పిల్లను చూపించాను.

అతను పిల్లను చూశాడు, నన్ను చూశాడు, కందీలు గుర్తుకొచ్చినట్టుంది, మెడ దాకా ఉన్న సీసాను చూశాడు. బయటి సీసాలోంచి మందు మళ్ళీ జాడీలో పోయకూడదని దవాఖానలో ఒక కట్టుబాటు ఉంది. అతనే మాకు చాలాసార్లు చెప్పాడు. కాగితానికి చిన్న చిన్న గాట్లు పెట్టి అంటించి నా చేతిలో పెట్టాడు.

దవాఖాన మెట్ల మీదే కూర్చుని ఒక గాటు తాగించాను. పిల్ల ముఖం చిట్లించింది, దగ్గింది, ఉమ్మలేదు. ఇంటికి వస్తుంటే దారిలో నా భుజం మీద తల పెట్టుకుని బువ్వ అడిగింది. నూకలు కాచి పెట్టాను. కొంచెం తిని పడుకుంది. వాకిట్లో ఉన్న పిల్లలకు మిగిలిన గంజి తలా కొంచెం పోశాను. ఆ తర్వాత సీసా మెడకు తాడు కట్టి, మా అత్త చేయి అందనంత ఎత్తులో దూలానికి వేలాడదీశాను.

అత్త తల పైకెత్తి చూసింది.

"మరి గ్యాసునూనె దేంట్ల తేవాలె?"

పాత సీసా తీసి ఆమె చేతిలో పెట్టాను.